నాయన తలూపే దాకా

టర్బో బండ్లు వచ్చినప్పటి నుంచి మా షెడ్డులో పని పెరిగింది, నాకు ఓపిక తగ్గింది. పాత డీజిల్ జీపులు ఎట్లా వాడినా గొణుక్కుంటూ నడిచేవి. నూనె తగ్గినా, నీళ్ళు తగ్గినా ఊరు చేర్చి ఆగేవి. ఈ కొత్త ఇంజిన్లకు అంత ఓర్పు లేదు. పొగ పోయే దారిలో ఒక చిన్న చక్రం తిరిగి గాలిని లోపలికి బలంగా తోస్తుంది. కొండ ఎక్కేటప్పుడు ఆ తోపుకు బండి ఉరికితే డ్రైవర్లు మీసం తిప్పుకునేవాళ్ళు. మరుసటి నెల అదే బండిని తాడు కట్టి మా దగ్గరికి లాక్కొచ్చేవాళ్ళు.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మా షెడ్డు. రేకుల కప్పు, మధ్యలో బండి కింద నిలబడి పని చేసుకునే గుంత, గోడకు ఏడుకొండలవాడి పటం, పటం కింద నూనె మరకలతో నల్లబడిన చిన్న చెక్క. మా నాయన ఆ షెడ్డు పెట్టాడు. నేను పెద్దవాణ్ణి అయ్యాక ఇద్దరం కలిసి నడిపాం. ఆయన్ను అందరూ పెద్ద మేస్త్రీ అనేవాళ్ళు. నన్ను ఏమీ అనేవాళ్ళు కాదు, "అన్నా, రేపటికి కావాల" అని మాత్రం అనేవాళ్ళు. ఆ 'రేపటికి' అనే మాట వింటే నాకు నడుము నొప్పి మొదలయ్యేది. నిజంగానే మొదలయ్యేది. ఇరవై ఏళ్ళు బండ్ల కింద వంగి వంగి, నిటారుగా నిలబడడం కూడా ఒక పని లాగా తయారైంది నాకు.

మా షెడ్డుకు ఒక ఆనవాయితీ ఉండేది. ఇంజిన్ విప్పి కట్టిన బండి ఏదైనా సరే, నాయన వినకుండా బయటికి పోదు. నేను స్టార్టు చేసి బోనెట్టు ఎత్తి పట్టుకుంటాను. నాయన చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకొని, దాని కొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. కొంత సేపు అక్కడా ఇక్కడా ఆనించి వింటాడు. తలూపితే బండి పోవచ్చు. అడ్డంగా ఊపితే బోనెట్టు దించి నేను మళ్ళీ గుంతలోకి దిగాలి. డ్రైవర్లకు నేను చేసిన పని మీద నమ్మకం లేకపోలేదు, కానీ నాయన తల కిందికీ పైకీ కదిలితేనే వాళ్ళకు ప్రాణం కుదుటపడేది. ఘాట్ రోడ్డు మీద వెనక సీట్లలో పసిపిల్లలనూ ముసలివాళ్ళనూ పెట్టుకొని తోలేవాళ్ళు. వాళ్ళ భయం వాళ్ళది.

ఆ చెవి పోయిందేమోనని నాకు అనుమానం మొదలైంది.

మొదట టీ అంగడి దగ్గర గమనించాను. రోడ్డుకు అవతల టీ అంగడాయన గ్లాసులు సిద్ధం కాగానే చప్పట్లు కొట్టేవాడు. నాయన తిరిగి చూడకుండానే చెయ్యెత్తి "వస్తాండా" అనేవాడు. ఆ చెయ్యి ఎత్తడం ఆగిపోయింది. టీ చల్లారిపోయాక "ఏంది, ఈపొద్దు పిలవలా?" అని ఆయన మీదే ఎగిరేవాడు. తరువాత ఒక రోజు లారీ ఒకటి హారను కొట్టుకుంటూ వెనక్కి వస్తోంది. నాయన దానికి వీపు పెట్టి నిలబడి బీడీ వెలిగించుకుంటున్నాడు. నేను పరుగెత్తి చెయ్యి పట్టి లాగితే, "నాకు తెల్దా? నేనేమన్నా గుడ్డోణ్ణా?" అని కసిరాడు. గుడ్డివాడివి కాదులే అనుకున్నాను.

ఇంట్లో అమ్మతో మెల్లగా అన్నాను, నాయనకు సరిగ్గా వినపడుతున్నట్టు లేదని. "ఆయప్ప నా మాట ఎప్పుడు ఇనినాడు గనక?" అని ఆమె బియ్యం చెరుగుకుంటూ ఉండిపోయింది.

కానీ బండ్ల విషయంలో మాత్రం నాయన ఒక్కసారీ తప్పలేదు. అదే నాకు అంతు పట్టేది కాదు. టీ వాడి చప్పట్లు వినపడని మనిషికి ఇంజిన్ లోపలి చిన్న తేడా ఎట్లా వినపడుతుంది? బహుశా ఆ స్క్రూడ్రైవర్ గుండా వచ్చే శబ్దం వేరేమో అని సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడం సులభం. అడిగితే ఆయన ఏమంటాడో అని భయం ఉండేది. ఆ తలూపుడు లేకపోతే ఆయనకు షెడ్డులో ఇంకేం మిగులుతుంది? చేతులు వణకడం అప్పటికే మొదలైంది, బోల్టులు బిగించే పని నాకు వదిలేశాడు. ఆ ఒక్క పని పోతే ఆయన ఇంట్లో మంచం మీద కూర్చోవాలి. అట్లాగని ఊరుకుంటే, ఏదో ఒక రోజు తప్పు తలూపి, నిండు బండిని కొండ మీదికి పంపిస్తాడు. ఈ రెండు భయాలూ మోసుకుంటూ రోజూ షెడ్డు తెరిచేవాణ్ణి.

ఆ ఏడాది కార్తీకంలో వానలు విడవకుండా కురిశాయి. ఊళ్ళో రైలు బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచాయి. బంగారుపాళ్యం వైపు డ్రైవరు ఒకడు, మామిడికాయల లారీ వదిలేసి కొత్తగా టర్బో జీపు కొనుక్కొని కొండకు యాత్రికులను తోలుతున్నవాడు, దాన్ని ఇంకో జీపుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చాడు. మనిషి తడిసి ముద్దయి ఉన్నాడు.

"స్టార్టు కాలేదన్నా. సెల్ఫు కొడితే టక్కుమని నిలిచిపోతాంది."

"నీళ్ళల్లో దించినావా?"

"కొంచెమే అన్నా."

"కొంచెమంటే యాడికి?"

వాడు చేత్తో చూపించాడు. బోనెట్టు పైదాకా చూపించాడు.

నాకు తిట్టే ఓపిక కూడా లేదు ఆ రోజు. ఇంజిన్ లోపల పిస్టన్ పైకి పోయి గాలిని నలుపుతుంది. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. టర్బో ఇంజిన్ గాలిని గుంజుకునే ఊపులో నీళ్ళను కూడా గుంజుకుంది. పిస్టన్ పోయి ఆ నీళ్ళను గుద్దుకుంది. అప్పుడు వంగేది కనెక్టింగ్ రాడ్డు. పైన పిస్టన్, కింద తిరిగే క్రాంకు, రెండింటినీ కలిపే ఇనప చెయ్యి అది. ఇంజిన్ పైమూత, అదే హెడ్డు, విప్పి రాడ్లు బయటికి తీసి చూస్తే నాలుగింటిలో రెండు వంగి ఉన్నాయి. కంటికి కనపడేంత వంగలేదు, బల్ల మీద పెట్టి దొర్లిస్తే తెలిసింది.

"నాలుగూ మార్చల్ల" అన్నాను.

"కంపెనీవి ఎప్పుడొస్తాయి?"

"ఆర్డరు పెడితే వస్తాయి. ఎప్పుడో వాళ్ళకే తెల్దు."

వాడి ముఖం పాలిపోయింది. "వైకుంఠ ఏకాదశికి బండి కొండెక్కకుంటే, ఈ ఏడు తోలినా తోలనట్టే అన్నా" అన్నాడు. ఏకాదశి అంటే తిరుపతిలో డ్రైవర్లకు పంట చేతికొచ్చే రోజులు. నేను నాయన వైపు చూశాను. నాయన వాడి వైపు చూసి, "మద్రాసులో దొరకతాయి, కంపెనీవి కాదు, బయట చేసేవి. పొయ్యి తీసుకురా" అని నాతో అన్నాడు.

మద్రాసు పోయి రావడం అంటే బస్సులో కూర్చోవడం, అంగడి అంగడికీ తిరగడం, అరవంలో సగం తెలుగులో సగం బేరమాడడం. బస్సులో నిద్ర పడుతుందేమోనని ఆశపడ్డాను, పక్కాయన పుత్తూరు నుంచి తిరువళ్ళూరు దాకా తన పొలం తగాదా చెప్పాడు. మొత్తానికి రాడ్లు దొరికాయి. నూనె కాగితంలో చుట్టి ఉన్నాయి. విప్పి చూస్తే పెళ్ళికి చేయించిన వెండి సామాను మాదిరి మెరిసిపోతున్నాయి. అంగడాయన అవి కంపెనీవాటి కంటే గట్టివని, ఇంకా ఎక్కువ గాలి తోసినా తట్టుకుంటాయని చెప్పాడు. నిజమే కావచ్చు, వాటి నడుము లావుగా ఉంది.

నాయన ఒకటి చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. "ఇంత మెరుపెందుకురా? లోపలుండేదాన్ని ఎవురు సూస్తారు?" అన్నాడు. కానీ చేతిలోంచి కింద పెట్టలేదు చాలాసేపు.

బయట చేసిన రాడ్లతో ఒక చిక్కు ఉంది. నాలుగింటి బరువూ ఒకటిగా ఉండాలి, లేకపోతే ఇంజిన్ వణుకుతుంది. మా దగ్గర తక్కెడ లేదు. పక్క వీధిలో స్వీటు అంగడిలో కరెంటు తక్కెడ ఉండేది. రాడ్లు పట్టుకొని పోతే ఆయన నా చేతులు చూసి, "పేపరు చుట్టుకొని పెట్టప్పా, నూనె వాసన మైసూరుపాకుకు పట్టేస్తాది" అన్నాడు. పేపరు చుట్టి, లడ్డూలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళ మధ్యలో నిలబడి, ఒక్కొక్కటే తూచాను. రెండు కొంచెం బరువున్నాయి. షెడ్డుకు వచ్చి ఆకురాయితో అంచులు అరగదీసి, మళ్ళీ తూచడానికి పోయాను. మూడోసారి పోయినప్పుడు ఆయన కోపం మానేసి నాకు ఒక లడ్డూ ఇచ్చాడు. నా ముఖం అంత జాలిగా ఉండిందేమో.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ప్రతి కనెక్టింగ్ రాడ్డు కింది భాగంలో రెండు ముక్కలుగా ఉంటుంది. క్రాంకును పట్టుకోవడానికి కింది సగాన్ని విడిగా బోల్టులతో బిగిస్తారు. దాన్ని క్యాపు అంటాం. రాడ్డునూ దాని క్యాపునూ కలిపి బిగించే గుండ్రంగా తొలుస్తారు కాబట్టి ఆ రెండూ ఒక జత. ఒకదాని క్యాపు ఇంకోదానికి పెడితే పైకి సరిపోయినట్టే ఉంటుంది, లోపల గుండ్రం మాత్రం వెంట్రుక వాసి తప్పుతుంది. నేను పనిలోకి దిగిన మొదటి రోజు నాయన నాకు చెప్పిన మొదటి మాట అదే. "దీని క్యాపు దీనికే. మార్చినావంటే చెయ్యిరగ్గొడతా" అన్నాడు. అందుకే ప్రతి జత మీదా ఒకే అంకె కొట్టి ఉంటుంది. కంపెనీ రాడ్ల మీద ఆ అంకె లోతుగా ఉంటుంది. నాయన కళ్ళతో చూసేవాడు కాదు, బొటనవేలితో తడిమి జతలు కలిపేవాడు.

కొత్త సామాను ఏదైనా ఇంజిన్ లోకి పోయే ముందు పటం కిందికి చేరాలి. అది నాయన నియమం. రాడ్ల క్యాపులు విప్పి, అన్నింటినీ పళ్ళెంలో పెట్టి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, కర్పూరం వెలిగించి, ఆ తరువాత డీజిల్‌తో కడిగి, మళ్ళీ జతలు కలిపి ఒక్కొక్కటే నా చేతికి అందిస్తాడు. బేరింగు కూర్చునే లోపలి వైపునే బొట్టు పెట్టాలంటాడు. "తిరిగేది ఆడ, బరువు మోసేది ఆడ. మెరిసే వైపు పెడితే ఏం లాభం?" అనేవాడు. ఆయన అందించిన జతను మళ్ళీ సరిచూడడం మా షెడ్డులో లేదు. పురోహితుడు ఇచ్చిన అక్షింతలను ఎవరూ ఎంచరు కదా, అట్లా.

ఆ రోజు కూడా అట్లాగే జరిగింది. నేను గుంతలో నిలబడ్డాను. పైన కూర్చొని ఆయన అందిస్తున్నాడు, నేను కొత్త బేరింగులు పెట్టి బిగిస్తున్నాను. క్రాంకును చేత్తో తిప్పితే కొంచెం బిగువుగా తిరిగింది. కొత్త బేరింగులకు అది మామూలే. హెడ్డు దించాం, గాలి గొట్టాలూ టర్బో గొట్టాలూ తగిలించాం, నూనె పోశాం. సాయంత్రానికి నా చేతులు భుజాల నుంచి వేలాడుతున్నాయి తప్ప నావి అన్నట్టు లేవు. స్టార్టు చేయడం మరుసటి రోజుకు పెట్టుకున్నాం. శుక్రవారం, మంచి రోజు అన్నాడు నాయన.

శుక్రవారం పొద్దున్నే డ్రైవరు వచ్చేశాడు. బండి కడిగించి, అద్దం మీద నామాలు దిద్దించి, బంతిపూల మాల వేసి, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చాడు. వాడి ఊరివాళ్ళు నలుగురు వెంట వచ్చారు. మొదటి పరుగు కొండకే అని, వాళ్ళను ఎక్కించుకొని పోతానని మొక్కుకున్నాడట. టీ అంగడి దగ్గర ఉన్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అందరూ పెద్ద మేస్త్రీ చెవి పెట్టడం చూడాలని.

నేను స్టార్టు చేశాను. ఇంజిన్ అందుకుంది. డ్రైవరు చేతులు జోడించి పటం వైపు దండం పెట్టాడు. నేను దిగి వచ్చి బోనెట్టు దగ్గర నాయనకు ఎదురుగా నిలబడ్డాను, ఎప్పుడూ నిలబడే చోటే.

అప్పుడు వినపడింది. డీజిల్ ఇంజిన్ మామూలు రొద కింద, లోతుగా, తలుపు వెనక నుంచి ఎవరో వేలితో కొట్టినట్టు. టొక్, టొక్, టొక్. వేగం పెంచితే అదీ పెరుగుతోంది. కింది వైపు నుంచి, మధ్యలో నుంచి వస్తోంది. డ్రైవరుకు తెలియదు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. నాయన స్క్రూడ్రైవర్ ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటున్నాడు.

ఆయనకు వినపడదని ఆ క్షణంలో నాకు ఖాయంగా అనిపించింది. ఇంత మంది ముందు ఆయన తప్పు తలూపడం నేను చూడలేకపోయాను. చేతిలో స్పానరు జారిపోయినట్టు నటించి, చక్రం పక్కన కిందికి వంగిపోయాను. వంగి, మట్టి వైపు చూస్తూ ఉన్నాను. లేచేసరికి నాయన తలూపేసి ఉన్నాడు. జనం "గోవిందా" అన్నారు. డ్రైవరు నిమ్మకాయలు పెట్టడానికి చక్రం దగ్గరికి వచ్చాడు.

"ఆగప్పా" అన్నాను. నోటికి ఏది వస్తే అది అన్నాను. "రాహుకాలం వస్తాంది. నువ్వు అలిపిరి దాటేలోపల తగులుకుంటాది. కొత్త ప్రాణం పోసిన బండి. రేపు తీసకపో."

"ఇంకా టయముండాదే అన్నా!"

"ఉండేది శానా కొంచెం."

వాడు నాయన వైపు చూశాడు. అది నాయన చెప్పాల్సిన మాట. నాయన నా వైపు చూశాడు. బాగా కొంతసేపు చూశాడు. నేను ఈసారి ఎక్కడికీ వంగలేకపోయాను.

"వాడు సెప్పింది నిజమే" అన్నాడు నాయన. "రేపు రా అప్పా. ఏకాదశి ఇంకా దూరముండాది."

"నిమ్మకాయలు వాడిపోతాయే" అని గొణిగి, వాడు తన జనాన్ని తీసుకొని పోయాడు. నాయన, మధ్యాహ్నం కూడా కాకముందే, కండువా దులుపుకొని ఇంటికి నడిచాడు.

నేను బండిని గుంత మీదికి తోసి, కిందికి దిగి, వేడి నూనె దించి, ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ చాంబర్ విప్పాను. నిన్న బిగించిన బోల్టులే మళ్ళీ విప్పడం కంటే చేదైన పని లేదు. మధ్యలో ఉన్న రెండు క్యాపులు చేతిలోకి తీసుకొని గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాను. మద్రాసు రాడ్ల మీద అంకెలు గీసినట్టు సన్నగా ఉన్నాయి. రెండో రాడ్డుకు మూడో క్యాపు, మూడో రాడ్డుకు రెండో క్యాపు. ఒక క్యాపు బోల్టు రంధ్రం అంచున, డీజిల్‌కు కూడా పోని కుంకుమ చుక్క ఒకటి నూనెలో నాని ఉంది. బేరింగుల్లో ఒకటి అప్పటికే ఒక పక్క రాసుకొని లోపలి రాగి రంగు తేలింది. క్రాంకు మీద మాత్రం ఏ గీతా పడలేదు, వేలితో పదేపదే తడిమి చూశాను. కొండ ఎక్కే దారిలో, నిండు బండితో, టర్బో తోపు మీద ఉండగా ఆ రాడ్డు ఊడి ఉంటే ఏమయ్యేదో!

కోపం వచ్చింది. నాయన మీద వచ్చింది, అంకెలు సన్నగా గీసినవాడి మీద వచ్చింది, నీళ్ళలో దించిన డ్రైవరు మీద, వాన మీద కూడా వచ్చింది. అంత కోపానికీ ఒంట్లో బలం చాలలేదు. గుంత గోడకు వీపు ఆనించి కూర్చుండిపోయాను. నూనె వాసన, పైన రోడ్డు మీద బస్సుల చప్పుడు. అక్కడే నిద్రపోతే బాగుండు అనిపించింది. కాసేపటికి లేచి, స్పేర్ పార్టుల అంగడికి పోయి ఇంకో సెట్టు బేరింగులు తెచ్చుకొన్నాను.

ఎండ తగ్గే వేళకు నాయన వచ్చాడు. నేను గుంతలో ఉన్నాను, నాకు ఆయన కాళ్ళు కనపడ్డాయి. ఆయన గుంత అంచున కూర్చొని కాళ్ళు లోపలికి వేలాడేశాడు. నేను తల బయటికి పెట్టాను. చెప్పాలంటే ఆయనకు వినపడేలా అరవాలి. అరిస్తే వీధి వీధంతా వింటుంది. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను.

"అరవొద్దులే" అన్నాడు నాయన. "పెదాలు సూస్తే తెలస్తాది నాకు. ఏ రెండు?"

"నడిమివి" అన్నాను, గొంతు ఎత్తకుండా.

ఆయన చెయ్యి చాపాడు. బిగించని క్యాపు ఒకటి ఇచ్చాను. దాని పక్క మీద బొటనవేలితో మెల్లగా రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. "తగల్లేదురా యేలికి" అన్నాడు. "శానా సన్నంగా రాసినారు." ఆ మాటలో సాకు లేదు. తన వేలినే తను నమ్మలేనట్టు చూసుకున్నాడు.

"పొద్దన ఎందుకు వంగినావు?" అని అడిగాడు.

"స్పానరు పడిపొయ్యింది నాయనా."

"స్పానరు నీ సేతిలోనే ఉండింది."

నేను చేతులు గుడ్డకు తుడుచుకున్నాను.

"నా సెవులు పొయ్యి శానా కాలమైందిరా" అన్నాడు. "పిడి అదిరేది తెలస్తాది. లోపలేముండాదో తెల్దు."

"మరి ఇన్ని బండ్లకు తలూపినావే! ఒక్కటీ తప్పలేదే!"

"నీ మొగం సూసి."

అర్థం కాలేదు నాకు. ఆయన క్యాపును అటూ ఇటూ తిప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు. "నువ్వు ఎదురుగా నిలబడతావు గదా. బండి బాగుంటే నీ నొసలు ఇడిపోతాది. బాగలేకుంటే కింది పెదవి కొరుక్కుంటావు. సిన్నప్పుడు పలక తప్పు రాసినా అట్లనే కొరుక్కుంటా ఉండినావు. నేను సెవి పెట్టేది జనానికి. సూసేది నిన్ను." క్యాపును ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈపొద్దు సూస్తే నువ్వు లేవు. కిందికి వంగిపోతివి. ఇంతమంది సూస్తాండారు. ఏం సెయ్యాల? ఊపేసినా."

గుంతలో నిలబడి నేను ఏడ్చాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకొని, ఆయనకు ఉన్న ఒక్క ఆధారాన్నీ నేనే లాగేశాను. ఇన్నేళ్ళూ ఆ చెవికి నేను భయపడుతున్నాను, ఆ చెవి నేనేనని తెలియదు. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. తరువాత క్యాపును పంచె అంచుతో తుడిచి, టార్చి వెలుతురులో కళ్ళు చికిలించి అంకె చూసి, "రెండు" అని గట్టిగా చదివి నా చేతికిచ్చాడు. రెండోదీ అట్లాగే చూసి, "మూడు" అన్నాడు. నేను ప్రతిసారీ రాడ్డు మీది అంకె చూసి పైకి చెప్పాను, ఆయన నా పెదాలు చూశాడు. వెలుతురు పోయేలోగా చాంబర్ బిగించేశాం.

మరుసటి రోజు డ్రైవరు కొత్త నిమ్మకాయలతో వచ్చాడు. మళ్ళీ వాడి ఊరివాళ్ళు, మళ్ళీ టీ అంగడి జనం. నేను స్టార్టు చేసి వచ్చి బోనెట్టు పట్టుకొని నిలబడ్డాను. ఇంజిన్ శబ్దం మెత్తగా, తెరపి లేకుండా వస్తోంది. ఆ కింది నుంచి తలుపు కొట్టేవాడు లేడు. నాయన స్క్రూడ్రైవర్ ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, తల ఎత్తి నా వైపు చూశాడు. ఇది వరకు ఎన్నో సార్లు అట్లా చూసి ఉంటాడు, నేను ఎప్పుడూ గమనించలేదు. ఈసారి నేను కూడా చూశాను. నా ముఖాన్ని ఆయన ముందు పెట్టి, ఎక్కడికీ తిప్పకుండా నిలబడ్డాను.

ఆయన ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు. జనం ఎదురుచూస్తున్నారు. డ్రైవరు నిమ్మకాయలు చేతుల్లో నలుపుకుంటున్నాడు.

"ఏం పెద్ద మేస్త్రీ, ఏమన్నా తేడా ఉండాదా?" అని భయంగా అడిగాడు.

నాయన స్క్రూడ్రైవర్ దించి, తలూపాడు. "బండి శానా బాగుండాది, పో" అన్నాడు. తరువాత నా వైపు స్క్రూడ్రైవర్ చూపించి, "బాగలేనిది ఈడు. అలిసిపొయినాడు. రేయ్, షెడ్డు నేను సూసుకుంటా, ఇంటికి పొయ్యి పండుకో" అన్నాడు.

అందరూ నవ్వారు. పెద్ద మేస్త్రీ హాస్యమాడుతున్నాడనుకున్నారు. నేను బోనెట్టు దించి, చేతులు తుడుచుకొని, ఇంటికి పోయి పడుకున్నాను.